గార్డులకు ఏటా మెడికల్: రాయదుర్గం గేట్ల దగ్గర తరచూ అడిగే ప్రశ్నలు

రాయదుర్గం మెట్రో స్టేషన్‌లో దిగి నాలెడ్జ్ సిటీ వైపు నడిస్తే ప్రతి టవరు ముందూ యూనిఫాంలో ఎవరో ఒకరు నిలబడి ఉంటారు. బ్యాగుల స్కానర్ దగ్గర, బండ్లు ఆపే బారియర్ దగ్గర, బేస్‌మెంటు పార్కింగులో, రాత్రంతా లైట్లు ఆర్పని లాబీల్లో వాళ్లే కాపలా. ఊళ్ల నుంచి పని వెతుక్కుంటూ వచ్చిన కుర్రాళ్లు, ఇంటి బరువు మోస్తున్న ఆడవాళ్లు, పదిహేను ఇరవై ఏళ్లు సైన్యంలో చేసి డిశ్చార్జి అయిన జవాన్లు పక్కపక్కనే డ్యూటీ చేస్తుంటారు.

సైన్యంలో చేసినవాళ్లకు ఏటా మెడికల్ అలవాటైన విషయమే. ఈ గేటు దగ్గర ఉద్యోగానికి కూడా ఏటా వైద్య పరీక్ష ఉందని మాత్రం చాలామందికి తెలియదు. తెలిసినవాళ్లను ఒక భయం పట్టుకుంటుంది: షుగరో బీపీయో బయటపడితే ఇంటికి పంపేస్తారేమోనని. ఆ భయంతో పరీక్ష తప్పించుకుంటే నష్టపోయేది గార్డే. ఎంత ఆరోగ్యంతో చేరాడో, డ్యూటీలో ఏం పోగొట్టుకున్నాడో రేపు అతని తరఫున చెప్పగలిగేవి ఆ మెడికల్ కాగితాలే. ఈ ప్రశ్నలూ జవాబులూ అందుకోసమే.

చట్టం ఏం చెబుతోంది

1. గార్డుకు ఏటా వైద్య పరీక్ష చేయించాలని ఎక్కడ రాసి ఉంది?

ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల నియంత్రణ చట్టం 2005లో వచ్చింది. ఏజెన్సీలవాళ్లు దీన్ని ‘పసారా’ అంటారు. గార్డుకు నిర్ణీత శారీరక ప్రమాణాలు ఉండాలని ఈ చట్టం పదో సెక్షను చెబుతుంది. ఆ ప్రమాణాలేమిటో 2006లో కేంద్రం ఇచ్చిన నమూనా నియమాలు వివరించాయి. ప్రతి గార్డుకూ కిందటి పరీక్ష నుంచి పన్నెండు నెలలకు మళ్లీ పరీక్ష జరిగేలా ఏజెన్సీ చూడాలన్నది కూడా అందులోదే. చేరేటప్పుడు ఉండాల్సిన ప్రమాణాలు తర్వాత కూడా నిలిచి ఉన్నాయా అని చూడడమే దీని ఉద్దేశం. రాష్ట్రాలు తమ నియమాలు రాసుకోవడానికి ఆ నమూనా నియమాలే ఆధారమయ్యాయి.

2. ఆ ప్రమాణాలేమిటి?

నమూనా నియమాల ప్రకారం ఇవీ:

- ఎత్తు: మగవాళ్లకు 160 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 150. బరువు ఎత్తుకు తగినట్టు ఉండాలి.
- ఛాతీ: 80 సెంటీమీటర్లు, ఊపిరి పీల్చినప్పుడు మరో 4 పెరగాలి. ఆడవాళ్లకు ఛాతీ కొలత లేదు.
- చూపు: దూరపు చూపు 6/6, దగ్గరి చూపు 0.6/0.6. అద్దాలతో అయినా సరే. రంగులు గుర్తుపట్టగలగాలి. సెక్యూరిటీ పరికరాల మీద కనిపించే ఇంగ్లిషు అక్షరాలు, అంకెలు చదివి అర్థం చేసుకోగలగాలి.
- కాళ్లు: మోకాళ్లు ఒకదానికొకటి తగలకూడదు, పాదాలు చదునుగా ఉండకూడదు. కిలోమీటరు దూరం ఆరు నిమిషాల్లో పరుగెత్తగలగాలి.
- వినికిడి: మనిషి మాట, పరికరాల అలారం వినిపించి వెంటనే స్పందించగలగాలి.
- చేతులు: తనిఖీ చేయడానికి, వస్తువులు పట్టుకోవడానికి, అవసరమైతే మనిషిని అదుపు చేయడానికి తగిన బలం, చురుకుదనం ఉండాలి.

వీటితోపాటు అంటువ్యాధి ఉండకూడదు. డ్యూటీవల్ల ముదిరిపోయే జబ్బు గానీ, ప్రజల ఆరోగ్యానికి ప్రమాదం తెచ్చే జబ్బు గానీ ఉండకూడదు.

3. అద్దాలు పెట్టుకుంటే పనికిరామా?

అలాంటిదేమీ లేదు. దిద్దుకున్న చూపును నియమమే ఒప్పుకుంది. కాబట్టి పరీక్షకు అద్దాలు పెట్టుకునే వెళ్లండి. చూపు మసకబారినా అద్దాలు మార్చకుండా ఏళ్ల తరబడి రాత్రి డ్యూటీ చేసేవాళ్లే ఎక్కువగా ఇబ్బంది పడతారు. కంటి పరీక్షకు మెహదీపట్నంలోని సరోజినీ దేవి ప్రభుత్వ కంటి ఆసుపత్రి ఉంది.

4. రంగుల పరీక్ష ఎందుకు?

ఫైర్ అలారం ప్యానెల్ మీద ఎర్ర లైటు, స్కానర్ తెరమీద వేర్వేరు రంగుల్లో కనిపించే వస్తువులు, లోపలికి రావచ్చో లేదో చెప్పే పచ్చ లైటు... ఐటీ టవర్లో గార్డు పనిలో సగం రంగులు చూసి తేల్చేదే. చుక్కల మధ్య అంకె చదవమనే ఇషిహారా చార్టుతో ఈ పరీక్ష చేస్తారు. జపాన్ సైన్యంలో చేరేవాళ్ల కోసం ఆ దేశపు కంటి వైద్యుడు షినోబు ఇషిహారా దీన్ని రూపొందించి 1917లో ప్రచురించారు. వందేళ్లు దాటినా సైనికుడికైనా గార్డుకైనా ఇప్పటికీ అదే చార్టు.

5. షుగర్, బీపీ ఉంటే ఉద్యోగం పోతుందా?

నియమంలో షుగర్ పేరు గానీ బీపీ పేరు గానీ లేదు. డ్యూటీవల్ల ముదురుతుందా, పని చేయలేని స్థితి తెస్తుందా అన్నదే డాక్టరు తేల్చాల్సింది. మందులతో అదుపులో ఉన్న షుగర్ వేరు, కళ్లు తిరిగి పడిపోయే స్థితి వేరు. అదుపులో ఉందని చూపించాలంటే పాత రిపోర్టులు కావాలి. ఏటా పరీక్ష చేయించుకుని చీటీలు దాచుకున్నవాడి దగ్గరే అవి ఉంటాయి.

6. పరీక్ష ఖర్చు ఎవరిది? జీతంలో కోసుకోవచ్చా?

పరీక్ష జరిగేలా చూడాల్సింది ఏజెన్సీ. ఖర్చు గార్డు పెట్టుకోవాలని ఆ నియమంలో ఎక్కడా లేదు. వేతనాల కోడ్ ప్రకారం జీతంలోంచి చట్టం పేర్కొన్న కారణాలకే కోత పెట్టాలి. మెడికల్ ఫీజు ఆ జాబితాలో లేదు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ ఉచిత వార్షిక ఆరోగ్య పరీక్షను యజమాని బాధ్యతల్లో చేర్చింది. 40 ఏళ్లు దాటిన కార్మికులకు ఏటా ఉచిత పరీక్ష అని కేంద్రం ప్రకటించింది. పే స్లిప్పులో ‘మెడికల్’ పేరుతో కోత కనిపిస్తే అది దేనికో రాతపూర్వకంగా అడగండి.

7. ఏజెన్సీ పరీక్ష చేయించకపోతే ఏమవుతుంది?

పదో సెక్షను ఉల్లంఘించిన ఏజెన్సీకి 25 వేల రూపాయల దాకా జరిమానా, దానికి తోడు లైసెన్సు నిలిపివేత లేదా రద్దు ఉంటాయని చట్టం చెబుతోంది. లైసెన్సు ఇచ్చేదీ రద్దు చేసేదీ హోం శాఖలోని కంట్రోలింగ్ అథారిటీ. ముందు సూపర్‌వైజర్‌ను, తర్వాత ఏజెన్సీ ఆఫీసును రాతపూర్వకంగా అడగండి. ఒక్కరే అడగడం కష్టమనుకుంటే షిఫ్టువాళ్లంతా కలిసి ఒకే కాగితం మీద సంతకాలు పెట్టి ఇవ్వండి. గార్డులను పెట్టుకున్న కంపెనీ కూడా ఏజెన్సీని ఈ రికార్డు చూపించమని అడగాలి. తమ గేటు కాసే మనిషి ఆరోగ్యం గురించి పట్టించుకోవడం ఆ కంపెనీకి భారమేమీ కాదు.

8. హెచ్‌ఐవీ పరీక్ష కూడా చేయించుకోవాలంటున్నారు. కుదురుతుందా?

కుదరదు. 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉన్న హెచ్‌ఐవీ, ఎయిడ్స్ నివారణ, నియంత్రణ చట్టం ప్రకారం ఉద్యోగం ఇవ్వడానికి హెచ్‌ఐవీ పరీక్షను షరతుగా పెట్టకూడదు. మీ అంగీకారం లేకుండా ఆ పరీక్ష చేయకూడదు. హెచ్‌ఐవీ ఉందని ఉద్యోగంలో వివక్ష చూపడాన్ని కూడా ఆ చట్టం నిషేధించింది.

9. ఆడవాళ్లకు ప్రత్యేకంగా తెలియాల్సిందేమైనా ఉందా?

ఎత్తు ప్రమాణం తక్కువ, ఛాతీ కొలత లేదు అన్నది పైన చెప్పాం. పరీక్ష సమయంలో మరో మహిళ గదిలో ఉండాలని అడగండి, మొహమాటపడొద్దు. గర్భవతి అయితే ఆ సంగతి డాక్టరుకు చెప్పండి. ఎక్స్‌రే తీయబోతుంటే తప్పక చెప్పాలి. ఉద్యోగుల బీమా పథకం ఈఎస్‌ఐలో చందా రోజులు సరిపోతే 26 వారాల ప్రసూతి సెలవుకు పూర్తి వేతనం వస్తుంది.

సైన్యం నుంచి వచ్చినవాళ్ల ప్రశ్నలు

10. నేను ఎక్స్‌సర్వీస్‌మన్‌ని. సైన్యంలో మెడికల్ అయింది కదా, మళ్లీ ఎందుకు?

మాజీ సైనికుడికి చట్టం రెండు వెసులుబాట్లు ఇచ్చింది. సైన్యం, నౌకాదళం, వైమానిక దళం, ఇతర కేంద్ర సాయుధ బలగాలు, పోలీసు, హోంగార్డుల్లో పనిచేసినవాళ్లకు ఏజెన్సీలు ప్రాధాన్యం ఇవ్వొచ్చు. శిక్షణ కూడా తగ్గుతుంది. మామూలు గార్డుకు వంద గంటల క్లాసు, 60 గంటల ఫీల్డు శిక్షణ ఉంటే, మాజీ సైనికుడికి 40 గంటల క్లాసు, 16 గంటల ఫీల్డు సరిపోతుంది. వైద్య పరీక్షలో మాత్రం మినహాయింపు లేదు. సైన్యం వదిలిన నాటికీ ఈనాటికీ మధ్య శరీరం మారి ఉంటుంది. ఇప్పటి స్థితిని ఇప్పటి కాగితమే చెప్పాలి.

11. సైన్యంలో మెడికల్ కేటగిరీ అంటే ఏమిటి? ఇంట్లోవాళ్లకు అర్థమయ్యేలా చెప్పండి.

సైన్యంలో ఆరోగ్యాన్ని ‘షేప్’ అనే అయిదక్షరాల కోడ్‌తో రాస్తారు. ఎస్ అంటే మానసిక స్థితి, హెచ్ అంటే వినికిడి, ఏ అంటే కాళ్లూ చేతులూ, పీ అంటే శారీరక సామర్థ్యం, ఈ అంటే చూపు. ఒక్కోదానికి 1 నుంచి 5 దాకా అంకె వేస్తారు. అన్నింటిలో 1 ఉంటే ‘షేప్ వన్’, అంటే ఎక్కడికి పంపినా చేయగల మనిషి. 5 అంటే సేవకు పనికిరాడని. మధ్య అంకెలున్నవాళ్లు లో మెడికల్ కేటగిరీలో ఉన్నట్టు. వాళ్లకు ఎత్తయిన కొండల డ్యూటీ వద్దనో, బరువులు మోయొద్దనో ఆంక్షలుంటాయి. కేటగిరీ తాత్కాలికం కావచ్చు, శాశ్వతం కావచ్చు. గడువు ప్రకారం మెడికల్ బోర్డు మళ్లీ చూస్తుంది. ఏటా జరిగే మెడికల్లో తేడా కనిపిస్తే మనిషి బోర్డు ముందుకు వెళ్తాడు. కాబట్టి ఆ ఏటి పరీక్షే అన్నింటికీ మొదలు.

12. లో మెడికల్ కేటగిరీలో డిశ్చార్జి అయ్యాను. గార్డుగా చేయవచ్చా?

చేయవచ్చు, గార్డు ప్రమాణాలు అందుకుంటే. సియాచిన్‌కు పనికిరాని మనిషి రాయదుర్గం లాబీకి చక్కగా సరిపోవచ్చు. పసారా నియమాలు మీ సైనిక కేటగిరీని అడగవు. ఫిరంగుల దగ్గర చేసి చెవి కాస్త మందగించినవాళ్లున్నారు. మనిషి మాట, అలారం వినిపిస్తాయా అన్నది ఇక్కడ ముఖ్యం. అనుమానం ఉంటే ముందే కోఠిలోని ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రిలో వినికిడి పరీక్ష చేయించుకుని రిపోర్టు దగ్గర పెట్టుకోండి. ప్రైవేటు ఉద్యోగం చేసినంత మాత్రాన డిజబిలిటీ పెన్షన్ ఆగిపోదు. ఆ భయంతో జబ్బు దాచాల్సిన పనిలేదు.

13. డిజబిలిటీ పెన్షన్‌కు మెడికల్ కాగితాలతో సంబంధమేమిటి?

సంబంధమంతా వాటితోనే. లో మెడికల్ కేటగిరీలో సైన్యం వదిలేవాళ్లను రిలీజ్ మెడికల్ బోర్డు పరీక్షిస్తుంది. వైకల్యం ఎంత శాతం, అది సర్వీసువల్ల వచ్చిందా, సర్వీసువల్ల ముదిరిందా అని రాస్తుంది. సర్వీసుతో సంబంధం ఉండి, వైకల్యం 20 శాతమో అంతకు మించో ఉంటే డిజబిలిటీ పెన్షన్ అర్హత. ఇక్కడే ధరమ్‌వీర్ సింగ్ అనే సైనికుడి కేసు ముఖ్యం. 2013లో ఆ కేసులో సుప్రీంకోర్టు ఒక సూత్రం తేల్చి చెప్పింది: చేరేటప్పుడు చేసిన మెడికల్లో జబ్బు నమోదు కాకపోతే, సైనికుడు ఆరోగ్యంగానే చేరాడని భావించాలి. తర్వాత జబ్బు వస్తే అది సర్వీసువల్లే వచ్చిందని నిరూపించే భారం సైనికుడి మీద వేయకూడదు. కాదనే బోర్డు కారణాలు రాయాలి. చేరిన రోజున డాక్టరు రాసిన ఒక్క పేజీ ఎన్నో ఏళ్ల తర్వాత కుటుంబానికి అన్నం పెట్టింది.

2023 సెప్టెంబరు 21 నుంచి ఈ పెన్షన్లకు కొత్త అర్హతా నియమాలు అమల్లోకి వచ్చాయి. మీరు సైన్యం వదిలిన తేదీ చూసుకుని ఏ నియమాలు వర్తిస్తాయో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడిగి తెలుసుకోండి.

14. క్లెయిము తిరస్కరించారు. ఇప్పుడేం చేయాలి?

తిరస్కరణ ఉత్తరం అందాక ఆరు నెలల్లోపు మొదటి అప్పీలు వేయండి. అదీ కాదంటే రెండో అప్పీలు ఉంది. ఆ తర్వాత 2007 చట్టంతో ఏర్పడిన సాయుధ బలగాల ట్రిబ్యునల్ ఉంది. డిశ్చార్జి బుక్, బోర్డు ప్రొసీడింగ్స్ కాపీ, పాత ఆసుపత్రి కాగితాలు ఒకే ఫైల్లో పెట్టుకుని వెళ్లండి.

15. మా అబ్బాయి అగ్నివీర్. నాలుగేళ్లు అయ్యాక వాడి మెడికల్ సంగతేమిటి?

ఈ ప్రశ్న అడిగే తల్లిదండ్రులు మరింత జాగ్రత్తగా ఉండాలి. 2022 జూన్ 14న ప్రకటించిన అగ్నిపథ్ పథకంలో చేరినవాళ్ల తొలి బ్యాచ్‌ల నాలుగేళ్ల గడువు 2026 చివరి నుంచి తీరుతుంది. రాయదుర్గానికి దగ్గర్లోనే ఉన్న గోల్కొండ ఆర్టిలరీ సెంటర్‌లో శిక్షణ పొందిన కుర్రాళ్లు కూడా వాళ్లలో ఉన్నారు. గరిష్ఠంగా నాలుగో వంతు మందినే రెగ్యులర్ సర్వీసులోకి తీసుకుంటారు. మిగతావాళ్లకు పెన్షన్ లేదు, మాజీ సైనికుల ఆరోగ్య పథకం ఈసీహెచ్‌ఎస్ లేదు. సర్వీసువల్ల వైకల్యం వస్తే దాని స్థాయిని బట్టి 15, 25, 44 లక్షల రూపాయల పరిహారం ఉంది. చిన్నపాటి నొప్పులకు అది రాదు.

అంటే బయటికొచ్చాక మోకాలి నొప్పికైనా చెవి సమస్యకైనా సొంతంగా వైద్యం చేయించుకోవాల్సింది ఆ కుర్రాడే. కాబట్టి నాలుగేళ్లలో తగిలిన ప్రతి దెబ్బనూ యూనిట్ ఎంఐ (మెడికల్ ఇన్‌స్పెక్షన్) రూంలో చెప్పి రాయించుకోవాలి. మగాడు నొప్పి చెప్పుకోకూడదని ఊరుకుంటే, చివరి మెడికల్లో బోర్డు చూసే కాగితం మీద ఆ దెబ్బ ఉండదు.

ఫలితం వచ్చాక

16. రిపోర్టు నాకు ఇవ్వరట. నాకు హక్కుందా?

ఉంది. 2002 నాటి వైద్య వృత్తి నియమావళి ప్రకారం రోగి అడిగితే 72 గంటల్లో వైద్య రికార్డు ఇవ్వాలి. అదే నియమావళి ప్రకారం మీ ఆరోగ్య రహస్యాలు డాక్టరు బయటపెట్టకూడదు. కోర్టు ఆదేశం, ఇతరులకు తీవ్ర ప్రమాదం, ప్రభుత్వానికి తెలపాల్సిన వ్యాధి వంటి సందర్భాలే మినహాయింపు. మీకు ఫలానా జబ్బుందని షిఫ్టు రూంలో అందరి ముందూ చదివే హక్కు ఎవరికీ లేదు.

17. ‘అన్‌ఫిట్’ అని రాశారు. ఇక అంతేనా?

ముందు రాతలో కారణం అడగండి. చూపు అయితే సరోజినీ దేవి ఆసుపత్రిలో, వినికిడి అయితే కోఠి ఈఎన్‌టీలో, మిగతావాటికి కొండాపూర్ ఏరియా ఆసుపత్రిలోనో ఈఎస్‌ఐ ఆసుపత్రిలోనో రెండో అభిప్రాయం తీసుకుని ఏజెన్సీకి ఇవ్వండి. అద్దాలతోనో చికిత్సతోనో బాగయ్యేదైతే మళ్లీ పరీక్షించమని అడగండి. గేటు డ్యూటీ చేయలేకపోయినా సీసీటీవీ గదిలో, రిసెప్షన్లో, ఆఫీసు పనిలో సర్దమని అడగండి.

తెలంగాణ ఆర్టీసీ డ్రైవరు కేసు ఇక్కడ గుర్తుపెట్టుకోవాలి. 2014లో చేరిన ఒక డ్రైవరుకు రంగులు సరిగా కనిపించడం లేదని సంస్థ చేసిన వైద్య పరీక్షలో తేలింది. వేరే పని ఇవ్వమని అతను వేడుకున్నా వైద్య కారణాలతో ఉద్యోగం నుంచి పంపేశారు. 2025 ఆగస్టు 1న సుప్రీంకోర్టు అతనికి సరిపడే మరో పోస్టు ఇవ్వాలని ఆదేశించింది. మరో పని చూపించే ప్రయత్నమే చేయకుండా మనిషిని ఇంటికి పంపడం తప్పని చెప్పింది. ఆ తీర్పు ఆర్టీసీ యాజమాన్యానికీ కార్మికులకూ 1979లో కుదిరిన ఒప్పందాన్ని ఆధారం చేసుకుంది. ప్రైవేటు ఏజెన్సీకి నేరుగా వర్తించకపోవచ్చు. అందులోని న్యాయం మాత్రం ఎక్కడైనా న్యాయమే.

18. జబ్బుపడి డ్యూటీకి వెళ్లలేకపోతే బతుకుతెరువు ఎలా?

నెల జీతం 21 వేల రూపాయలు మించకపోతే మీరు ఈఎస్‌ఐ పరిధిలోకి వస్తారు. మీ జీతంలో 0.75 శాతం, యజమాని నుంచి 3.25 శాతం చందా వెళ్తుంది. ఆరు నెలల చందా కాలంలో 78 రోజులు చందా కట్టి ఉంటే, జబ్బు చేసినప్పుడు ఏడాదికి 91 రోజుల దాకా వేతనంలో 70 శాతం భృతి వస్తుంది. డ్యూటీలో దెబ్బ తగిలి పని చేయలేకపోతే 90 శాతం. సనత్‌నగర్ ఈఎస్‌ఐ ఆసుపత్రి ఇక్కడివాళ్లకు అందుబాటులో ఉంది. మీ ఈఎస్‌ఐ నంబరు పనిచేస్తోందా, చందా పడుతోందా అన్నది ఆరోగ్యంగా ఉన్నప్పుడే చూసుకోండి.

వైకల్యంవల్ల ఉద్యోగం వదలాల్సి వస్తే గ్రాట్యుటీకి అయిదేళ్ల సర్వీసు ఉండాలన్న షరతు లేదు. ఈ సంగతి తెలియక ఎందరో రావాల్సిన డబ్బు వదిలేసుకుంటున్నారు.

19. ఈ నెలలోనే నేను చేయగలిగిందేమిటి?

నాలుగు పనులు. ఒకటి, మీ చివరి మెడికల్ ఎప్పుడు జరిగిందో ఏజెన్సీని అడిగి తేదీ రాసుకోండి. రెండు, దాని కాపీ తీసుకోండి. చేరిననాటి కాపీ కూడా దొరికితే మరీ మంచిది. మూడు, మాజీ సైనికులైతే డిశ్చార్జి బుక్, బోర్డు కాగితాలు ఫోన్లో ఫొటో తీసి ఇంట్లో ఒకరికి పంపి ఉంచండి. నాలుగు, ఏడాది దాటిపోయిందంటే పరీక్ష పెట్టమని రాతలో కోరి, అందినట్టు సంతకం తీసుకోండి.

వేల మంది ఉద్యోగులు రాయదుర్గం టవర్లలో నిశ్చింతగా పని చేసుకుంటున్నారంటే గేటు దగ్గర ఒకరు కళ్లు తెరిచి నిలబడి ఉన్నారు కాబట్టే. ఆ మనిషి కళ్లూ చెవులూ గుండే బాగున్నాయో లేదో ఏడాదికోసారి చూడడం అతని మీద దయ చూపడం కాదు, చట్టం అతనికి ఇచ్చిన హక్కు. అడగండి, తీసుకోండి, దాచుకోండి.